బుడగకు దొరికేది 20 సెకన్లే

(మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో పనిచేసే ఆపరేటర్లకు, కొత్తగా చేరిన ఇంజనీర్లకు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టే ముందు రెండు వస్తువులు మీ చేతికి ఇస్తున్నాను. ముందు వరుస నుంచి చూసి వెనక్కి పంపండి. రెండూ పళ్లెం ఆకారంలో ఉన్న నల్లటి రబ్బరు పొరలే. ఒకటి కొత్తది. రెండోది ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పనిచేసి వచ్చింది. కడిగే తెచ్చాను, భయపడకండి. రెండింటినీ కొంచెం సాగదీసి చూడండి. వేలితో నొక్కండి. వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఏం తేడా కనిపించిందో చివర్లో మిమ్మల్నే అడుగుతాను.

దీన్ని డిఫ్యూజర్ మెంబ్రేన్ అంటాం. మురుగునీటికి గాలి పట్టించే ఎరేషన్ ట్యాంకు అడుగున ఇలాంటివి వందల్లో, పెద్ద కేంద్రాల్లో వేలల్లో ఉంటాయి. బ్లోయర్ అనే గాలి తోసే యంత్రం నుంచి వచ్చిన గాలి వీటి సన్నటి చీలికల్లోంచి బుడగలై పైకి లేస్తుంది. మురుగునీటి శుద్ధి కేంద్రంలో కాలే కరెంటులో మామూలుగా సగం, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే ఈ గాలికి పోతుంది. అంత ఖర్చుపెట్టి పంపిన గాలికి నీళ్లలో ఉండే సమయం ఎంతో తెలుసా? 5 మీటర్ల లోతున్న ట్యాంకులో బుడగ అడుగు నుంచి పైకి రావడానికి సుమారు 20 సెకన్లు. తనలోని ఆక్సిజన్‌ని నీళ్లకు ఇవ్వగలిగితే ఆ 20 సెకన్లలోనే ఇవ్వాలి. పైకొచ్చి పగిలిందంటే మిగిలిందంతా మళ్లీ గాలిలో కలిసిపోతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ 20 సెకన్ల గురించే.

అసలు గాలి ఎందుకు పంపాలి? మురుగునీటిని శుభ్రం చేసేది మనం కాదు, యంత్రాలూ కావు. బాక్టీరియా. నీళ్లలో కరిగి ఉన్న మలినాన్ని అవి తింటాయి, పెరుగుతాయి, ముద్దలుగా కట్టుకుంటాయి. ఆ ముద్దలు అడుగుకు దిగితే పైన తేటనీరు మిగులుతుంది. తినడానికి వాటికి ఊపిరి కావాలి. నీళ్లలో ఆ ఊపిరి చాలా తక్కువ. 20 డిగ్రీల వేడి దగ్గర లీటరు మంచినీళ్లలో గాలి నుంచి కరగగలిగే ఆక్సిజన్ 9 మిల్లీగ్రాములే. 30 డిగ్రీలకు వెళ్తే 7.5. ఒక ఘనపు మీటరు గాలిలో 270 గ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. ఘనపు మీటరు నీళ్లలో ఎనిమిది, తొమ్మిది గ్రాములకు మించి పట్టదు.

ఇక అవసరం వైపు చూడండి. ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటి బీఓడీ లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే ఆ మలినాన్ని తినేయడానికి బాక్టీరియాకు దాదాపు అంత ఆక్సిజన్ కావాలి. దీనికి అమ్మోనియా తోడు. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌ని నైట్రేటుగా మార్చడానికి 4.57 గ్రాముల ఆక్సిజన్ పడుతుంది. లీటరులో 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ ఉంటే దానికొక్కదానికే 137 మిల్లీగ్రాములు. నీళ్లు ఒకసారికి పట్టుకోగలిగింది ఎనిమిదో తొమ్మిదో, కావాల్సింది మూడు, నాలుగు వందలు. చిన్న గ్లాసుతో పెద్ద గంగాళం నింపినట్టు, నింపుతూనే ఉండాలి. ఒక్క గంట ఆపినా కుదరదు.

ఈ పద్ధతి మూలం 1914లో ప్రకటించిన ప్రయోగాల్లో ఉంది. ఇంగ్లండులోని మాంచెస్టర్ దగ్గర, డేవిహల్మ్ మురుగునీటి కేంద్రంలో ఎడ్వర్డ్ ఆర్డెన్, విలియం లాకెట్ అనే ఇద్దరు సీసాల్లో మురుగునీళ్లు పోసి గాలి పంపి చూశారు. మొదటిసారి అమ్మోనియా పూర్తిగా మారడానికి ఐదు వారాలు పట్టింది. అలా గాలి పంపడం అంతకుముందూ కొందరు చేశారు. వీళ్లు చేసిన కొత్త పని ఒక్కటే. అడుగున చేరిన బురదను పారబోయలేదు. పైనున్న తేటనీటిని వంపేసి, అదే బురద మీద కొత్త మురుగునీళ్లు పోశారు. మళ్లీ గాలి, మళ్లీ వంపడం. అలా చేసుకుంటూ పోతే వారాల పని రోజుల్లోకి, చివరికి గంటల్లోకి వచ్చింది. బురదలో బాక్టీరియా పేరుకుపోయింది కదా! దానికే యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పేరు పెట్టారు. వందేళ్లు దాటినా మనం చేస్తున్నది అదే. అయితే బాక్టీరియా ఎక్కువయ్యేకొద్దీ ఊపిరి కూడా ఎక్కువ కావాలి. అక్కడి నుంచి సమస్య జీవశాస్త్రం చేతుల్లోంచి గాలి పంపేవాళ్ల చేతుల్లోకి, అంటే మన చేతుల్లోకి వచ్చింది.

ఇప్పుడు బుడగ పరిమాణం సంగతి. కాగితం, పెన్ను ఉంటే ఈ లెక్క మీరే వేయండి. ఒక లీటరు గాలి తీసుకుని 10 మిల్లీమీటర్ల బుడగలుగా చేశామనుకోండి. సుమారు 1,900 బుడగలు వస్తాయి. అన్నింటి పైపొర వైశాల్యం కలిపితే 0.6 చదరపు మీటరు. అదే లీటరు గాలిని 2 మిల్లీమీటర్ల బుడగలుగా చేస్తే దాదాపు 2,40,000 బుడగలు. వైశాల్యం 3 చదరపు మీటర్లు. గాలి అంతే, ఆక్సిజన్ అంతే, కానీ నీళ్లను తాకే చోటు ఐదు రెట్లు. ఆక్సిజన్ దాటేది ఆ పొర గుండానే కాబట్టి ఎంత పొర ఉంటే అంత పని. పైగా పెద్ద బుడగలు గుంపుగా లేచినప్పుడు నీటిని కూడా పైకి ఈడ్చుకుపోతాయి. ఆ ఊపులో ఇంకా తొందరగా పైకి వచ్చేస్తాయి. ఉన్న 20 సెకన్లు కూడా తగ్గిపోతాయి.

అందుకే పెద్ద బుడగల పరికరాలతో మంచినీళ్లలో మీటరు లోతుకు 2 శాతం, మహా అయితే 2.5 శాతం ఆక్సిజన్ కరుగుతుంది. సన్న బుడగలతో 6 శాతం దాకా వస్తుంది. 1 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవాటిని సన్న బుడగలు అంటున్నాం.

సభలో ఒకరు: అయితే ఇంకా సన్నగా చేస్తే ఇంకా మంచిది కదా సార్? మైక్రో, నానో అంటున్నారు.

మంచి ప్రశ్న. లెక్క ప్రకారం మీరన్నది నిజమే. కానీ బుడగని చిన్నగా చేయాలంటే రంధ్రం చిన్నది కావాలి. చిన్న రంధ్రంలోంచి గాలిని తోయడానికి ఒత్తిడి ఎక్కువ కావాలి. ఒత్తిడి అంటే కరెంటు. ఒకచోట మిగిల్చింది ఇంకోచోట పెట్టాల్సి వస్తుంది. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ మూసుకుపోవడమూ తొందరే. ఇంకో సంగతి, ట్యాంకులో గాలికి రెండు పనులున్నాయి. ఒకటి ఆక్సిజన్ ఇవ్వడం, రెండోది బురద అడుగున పేరుకోకుండా కలియబెట్టడం. మరీ సన్నటి బుడగకు ఆ రెండో పని చేతకాదు. అందుకని రోజుకు లక్షల లీటర్ల మురుగునీరు శుద్ధి చేసే చోట 1 నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గరే లెక్క కుదురుతుందని నా నమ్మకం. ఎవరైనా అంతకంటే సన్నటి బుడగ అమ్ముతామంటే వద్దనకండి. కిలో ఆక్సిజన్ కరగడానికి మొత్తం మీద ఎన్ని యూనిట్ల కరెంటు పడుతుందో, అది కూడా మురుగునీళ్లలో కొలిచి చూపించమనండి.

రంధ్రాలు మూసుకుపోవడం అన్నాను. ఈ రంగం చరిత్ర అంతా ఆ ఒక్క బాధ చుట్టూనే తిరిగింది. మొదట్లో సన్న బుడగల కోసం కాల్చిన పింగాణీ పలకలు వాడేవారు. బాగా పనిచేసేవి, కానీ మూసుకుపోయేవి. ట్యాంకు ఖాళీ చేసి, పలకలు ఊడదీసి, కడిగి మళ్లీ పెట్టాలి. విసుగెత్తిన జనం ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చాలాచోట్ల పెద్ద రంధ్రాల పైపులకు మారిపోయారు. కరెంటు చవక, తలనొప్పి లేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత ఇంధనం ధర పెరిగేసరికి మళ్లీ సన్న బుడగల అవసరం గుర్తొచ్చింది. అప్పటినుంచి రబ్బరు మెంబ్రేన్లు పెరుగుతూ వచ్చాయి.

మెంబ్రేన్‌లో ఉన్న తెలివి చిన్నదే గానీ గొప్పది. ఈపీడీఎమ్ అనే రబ్బరు పొరకు సూదులతో వేల చీలికలు పెడతారు. గాలి వచ్చినప్పుడు పొర కొంచెం ఉబ్బుతుంది, చీలికలు తెరుచుకుంటాయి. గాలి ఆగితే పైనున్న నీటి బరువుకు పొర కింది పళ్లానికి అంటుకుపోతుంది, చీలికలు మూసుకుంటాయి. అంటే తలుపు, తాళం రెండూ తనే. పింగాణీకి ఈ సదుపాయం లేదు. గాలి ఆగగానే బురదనీరు లోపలికి ఇంకిపోయేది.

గుండ్రటి డిస్కులు, పొడవాటి గొట్టాలు, వెడల్పాటి పలకలు అని రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది 9 అంగుళాల డిస్కు. పరిశ్రమల నుంచి నూనెలు, ద్రావకాలు వచ్చే చోట ఈపీడీఎమ్ ఉబ్బిపోతుంది, అక్కడ సిలికాన్, పాలియురేథేన్ లాంటివి ఆలోచించాలి. ఆకారం గురించి గంటల తరబడి వాదించుకునేవాళ్లని చూశాను. ఆకారం కన్నా ట్యాంకు అడుగున ఎంత భాగం డిఫ్యూజర్లతో నిండిందన్నది ముఖ్యం. ఒక గోడ పక్కనే వరసగా పెడితే ఆ వైపు నీళ్లు జోరుగా పైకి లేచి, రెండోవైపు కిందికి దిగుతూ సుడి తిరుగుతాయి. బుడగలు ఆ సుడి ఎక్కి పైకి పరుగెత్తుతాయి. అడుగంతా సమంగా పరిస్తే ఆ సుడి ఉండదు, బుడగ తన వేగంతో తాను లేస్తుంది.

బిగించేటప్పుడు మట్టం గురించి ఒక్క మాట. ఒక గ్రిడ్‌లోని, అంటే ఒకే గాలి పైపుకు కలిపిన గుంపులోని, డిఫ్యూజర్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. గాలికి సులువైన దారి కావాలి. రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉన్నవాటి మీద నీటి బరువు ఆ మేరకు తక్కువ కాబట్టి గాలి అటే పోతుంది. పల్లంలో ఉన్నవి గాలి అందక బురదలో కూరుకుపోతాయి. అందుకే ట్యాంకు నింపే ముందు లెవెల్ చూడండి. తర్వాత డిఫ్యూజర్ల పైకి కొద్దిగా నీళ్లు రానిచ్చి గాలి వదలండి. ఏది బుడగలు సరిగ్గా ఇస్తోంది, ఏ జాయింటు కారుతోంది అన్నది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ట్యాంకు నిండాక ఆ అవకాశం మళ్లీ ఎన్ని ఏళ్లకో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ ఒక్క భాగం మీకు గుర్తుండిపోతే చాలు.

అమ్మకం కాగితంలో మీకు ఒక అంకె కనిపిస్తుంది. 5 మీటర్ల లోతుకు 30 శాతం ఆక్సిజన్ కరుగుతుందని. అబద్ధం కాదు. ట్యాంకులో మంచినీళ్లు నింపి, సోడియం సల్ఫైట్ కలిపి ఉన్న ఆక్సిజన్‌ని తీసేసి, గాలి వదిలి, ఆక్సిజన్ మళ్లీ ఎంత వేగంగా పెరుగుతోందో కొలుస్తారు. నమ్మదగిన పరీక్షే. కానీ అది మంచినీళ్ల లెక్క. మన ట్యాంకులో ఉండేవి మంచినీళ్లు కావు.

మురుగునీటిలో సబ్బులు ఉంటాయి, డిటర్జెంట్లు ఉంటాయి, కొవ్వు పదార్థాలు ఉంటాయి. వీటి అణువులకు ఒక చివర నీళ్లంటే ఇష్టం, ఇంకో చివర నీళ్లంటే గిట్టదు. గాలి, నీరు కలిసే చోటు దొరికితే అక్కడ చేరి కూర్చుంటాయి. బుడగ పుట్టీ పుట్టగానే దాని చుట్టూ తొడుగు వేసినట్టు అల్లుకుంటాయి. మంచినీళ్లలో బుడగ పైకి లేస్తుంటే దాని పైపొర కదులుతూ, కొత్తనీటిని తాకుతూ ఉంటుంది. సబ్బు తొడుగు పడ్డాక ఆ కదలిక ఆగిపోతుంది. బుడగ గట్టి గోళీలా తయారవుతుంది. పొర వైశాల్యం ఉన్నా ఆక్సిజన్ దాటడం మందగిస్తుంది.

మంచినీళ్లతో పోలిస్తే మురుగునీళ్లలో ఎంత వేగంగా కరుగుతోందన్న నిష్పత్తిని ఆల్ఫా అంటారు. సన్న బుడగల విషయంలో మామూలుగా 0.3 నుంచి 0.7 మధ్యలో ఉంటుంది. పెద్ద బుడగలకు ఇంతకంటే ఎక్కువ, ఎందుకంటే అవి ఊగిపోతూ, చీలిపోతూ తొడుగుని నిలవనివ్వవు. కాబట్టి మంచినీళ్లలో కనిపించిన మూడు రెట్ల తేడా మురుగునీళ్లలో అంత ఉండదు. అయినా సన్న బుడగే గెలుస్తుంది, అనుమానం లేదు. కానీ ఎంత తేడాతో గెలుస్తుందో తెలియకుండా బ్లోయర్ కొంటే చిక్కే.

ఆ 30 శాతాన్ని తీసుకోండి. ఆల్ఫా 0.5 అనుకుంటే 15 అయింది. ట్యాంకులో డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంచుతున్నాం, నీళ్లు 30 డిగ్రీల వేడిమీద ఉన్నాయి, ఉప్పులు కొంచెం ఉన్నాయి. ఆ సవరణలు కూడా వేస్తే చివరికి 11, 12 శాతం దగ్గర ఆగుతుంది. అంటే పంపిన ప్రతి 100 కిలోల ఆక్సిజన్‌లో 88 కిలోలు తిరిగి పైకే పోతున్నాయి. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు తప్పు చేశానేమోనని రెండుసార్లు వేశాను. తప్పు కాదు.

ఆల్ఫా ట్యాంకు అంతా ఒకేలా ఉండదు. మురుగు లోపలికి వచ్చే చోట సబ్బు ఎక్కువ, ఆల్ఫా అట్టడుగున ఉంటుంది. బాక్టీరియా ఆ సబ్బును తినేకొద్దీ పెరుగుతూ పోయి, బయటికి పోయే చివర బాగుంటుంది. విచారం ఏమిటంటే ఆక్సిజన్ ఎక్కువ కావాల్సింది కూడా మొదట్లోనే. ఆకలి ఎక్కువున్న చోటే వడ్డన తక్కువ.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక కేంద్రంలో ఇదే జరిగింది. ట్యాంకు మొదటి భాగంలో డీఓ ఎప్పుడు చూసినా సున్నా. బురద నల్లబడుతోంది, వాసన వస్తోంది. మేం రెండో బ్లోయర్ కూడా వేశాం. మొదటి భాగంలో సున్నా అలాగే ఉంది, చివరి భాగంలో మాత్రం డీఓ 5 దాటింది. చాలా టెన్షన్ పడ్డాం. డీఓ మీటరు పాడైందనుకుని మార్చాం కూడా. అసలు తప్పు మాదే. డిఫ్యూజర్లు ట్యాంకు పొడవునా సమంగా పరిచి ఉన్నాయి. గాలి పెంచితే ఒక్కో డిఫ్యూజర్ మీద గాలి ఎక్కువై, చీలికలు బాగా తెరుచుకుని బుడగలు లావయ్యాయి. ఒకదానికొకటి దగ్గరై కలిసిపోయాయి కూడా. గాలి పెరిగిన మేరకు కరగడం పెరగలేదు. ఒత్తిడి మాత్రం పెరిగింది. ఆ తర్వాత ట్యాంకు ఖాళీ చేసిన అవకాశం చూసుకుని చివరి భాగంలోని డిఫ్యూజర్లు కొన్ని తీసి, అక్కడ మూతలు బిగించి, వాటిని తల భాగంలో చేర్చాం. రెండో బ్లోయర్ ఆపేశాం. మొదటి భాగంలో డీఓ నెమ్మదిగా కదిలింది. ఆ రోజు నాకు అర్థమైంది, గాలి తక్కువ కావడం వేరు, గాలి బయటికొచ్చే దారులు తక్కువ కావడం వేరు.

ఇంకో సంగతి ఆల్ఫా గురించే. బురదను ఎక్కువ రోజులు ఉంచి నడిపే కేంద్రాల్లో, అమ్మోనియా పూర్తిగా మారేదాకా నడిపే చోట ఆల్ఫా మెరుగ్గా ఉంటుంది. సబ్బును తినే బాక్టీరియాకు సమయం దొరుకుతుంది. మొదట్లో గాలి లేని అనాక్సిక్ భాగం పెడితే, అక్కడ బాక్టీరియా నైట్రేటులోని ఆక్సిజన్ వాడుకుని సబ్బులను కొంత తినేస్తుంది. గాలి తగిలే చోటికి వచ్చేసరికి నీళ్లు తేలికపడి ఉంటాయి. అందుకే బుడగల పని బాగుపడాలంటే ఒక్కోసారి డిఫ్యూజర్ జోలికే పోనక్కర్లేదు. బురదను చెత్తగా కాక, సాయం చేసేదిగా చూడాలి. అయితే చిక్కదనం కూడా ఒక హద్దు వరకే. శుద్ధయిన నీటిని సన్నటి పొరలతో వడకట్టే మెంబ్రేన్ బయోరియాక్టర్ల లాంటి చోట్ల బురద మరీ చిక్కగా ఉంచుతారు, అక్కడ ఆల్ఫా మళ్లీ పడిపోతుంది.

ఇప్పుడు డీఓ. "రెండు ఉండాలి కదా, నాలుగు ఉంటే ఇంకా మంచిదే కదా" అనే మాట చాలాచోట్ల విన్నాను. ఆపరేటర్ భయం నాకు అర్థమవుతుంది. తక్కువైతే మాట పడాలి, ఎక్కువైతే ఎవరూ అడగరు. కానీ లెక్క చూడండి. 30 డిగ్రీల దగ్గర నీళ్లు పట్టగలిగింది 7.5. ఉన్నది 2 అయితే ఇంకా 5.5 ఖాళీ ఉంది. ఆ ఖాళీయే ఆక్సిజన్‌ని లాగేది. ఉన్నది 4 అయితే ఖాళీ 3.5. అంతే ఆక్సిజన్ కరగాలంటే గాలి 57 శాతం ఎక్కువ కావాలి. బాక్టీరియాకు దాంతో దక్కే లాభం చాలా కొంచెం. డీఓ మీటరు ఉండి, బ్లోయర్ వేగం మార్చే వీలుండి కూడా రాత్రి, పగలు ఒకే వేగంతో నడుపుతుంటే, తెల్లవారుజామున మురుగు తక్కువ వచ్చే గంటల్లో ఏం జరుగుతోందో ఒక్కరోజు లేచి చూడండి. అయితే గాలి తగ్గించడానికీ ఒక హద్దుంది. ట్యాంకు అడుగు వైశాల్యంలో చదరపు మీటరుకు గంటకు సుమారు 2 ఘనపు మీటర్ల గాలి అన్నా లేకపోతే బురద కిందికి దిగిపోతుంది.

మూసుకుపోవడం, ముసలైపోవడం. ఇవి రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. పైనుంచి మూసుకుపోవడం అంటే చీలికల మీద జిగురులాంటి బాక్టీరియా పొర పెరగడం, గట్టినీళ్లున్న చోట సున్నం పేరుకోవడం. లోపలి నుంచి మూసుకుపోవడం అంటే బ్లోయర్ ఫిల్టరు దాటి వచ్చిన దుమ్ము, నూనె, పైపు తుప్పు. లోపలి రకం పూర్తిగా మన అజాగ్రత్తే. బ్లోయర్ నుంచి వచ్చే గాలి 80, 100 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అందుకే నీటి పైన స్టెయిన్‌లెస్ స్టీలు పైపు వేసి, నీటి కింద చల్లబడ్డాక ప్లాస్టిక్ పైపు వేస్తారు. ఎక్కడో ఖర్చు తగ్గుతుందని మామూలు ఇనుప పైపుకు రంగు పూసి వేస్తే, ఆ రంగు వేడికి ఎక్కువ కాలం నిలవదు. తుప్పు పెచ్చులు నేరుగా మెంబ్రేన్ కిందికి చేరతాయి. పైపుల్లో చేరిన తేమనీరు కూడా తీస్తుండాలి. ప్రతి గ్రిడ్‌కూ దానికోసం ఒక సన్నటి గొట్టం, పైన ఒక వాల్వు ఉంటాయి. వారానికోసారి తెరిచే అలవాటు లేని కేంద్రాలు ఎన్నో చూశాను. తుప్పుపట్టి ఆ వాల్వు తిరగనే తిరగదు.

ముసలితనం వేరు. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలు కొన్నేళ్లకు నీళ్లలోకి కారిపోతాయి. పొర గట్టిపడుతుంది, కొంచెం కుంచించుకుపోతుంది. చీలిక తెరుచుకోవడానికి ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది. తెరుచుకున్నాక సరిగ్గా మూసుకోదు. చాలాచోట్ల ఐదు నుంచి పదేళ్ల మధ్య మార్చాల్సి వస్తుంది.

ఈ జబ్బులన్నీ ముందుగా కనిపించేది ఒకే ఒక చోట, గాలి పైపు మీదున్న ప్రెజర్ గేజ్‌లో. 5 మీటర్ల నీటి బరువే 49 కిలోపాస్కల్స్. దాని మీద పైపుల్లో, మెంబ్రేన్‌లో పోయేది కలిపి, కొత్తలో 56 అనుకుందాం. అదే గాలికి, అదే నీటిమట్టానికి రెండేళ్ల తర్వాత 63 చూపిస్తోందంటే డిఫ్యూజర్లు మూసుకుపోతున్నాయని అర్థం. బ్లోయర్ దాదాపు పదో వంతు కరెంటు అదనంగా తింటోందని కూడా. ఒక్క రోజు అంకె చూస్తే ఏమీ తెలియదు. రోజూ ఒకే వేళకు, గాలి ఎంత పోతోందో పక్కన రాసి, ఒత్తిడి రాసుకోవాలి. నేను చూసిన ఒక ఆపరేటర్ స్కూలు నోటుపుస్తకంలో గీతలు గీసుకుని నాలుగేళ్లు రాశారు. ఏ నెలలో ఎక్కడం మొదలైందో వేలు పెట్టి చూపించారు. ఆ పుస్తకం ముందు మా కంప్యూటర్ స్క్రీన్ల రిపోర్టులన్నీ చిన్నబోయాయి.

ఒత్తిడి పెరిగితే ఏం చేయాలి? ముందుగా సులువైనది, గ్రిడ్‌కు కాసేపు గాలి ఆపి, తర్వాత గరిష్ఠ పరిమితి దాకా గట్టిగా వదలడం. పొర కుంచించుకుని ఉబ్బడంతో పైనున్న జిగురు కొంత రాలిపోతుంది. సున్నం పట్టిందంటే ఇది చాలదు. గాలి పైపులోకే ఫార్మిక్ లేదా అసిటిక్ ఆమ్లం కొలతగా పంపే పద్ధతి ఉంది, ట్యాంకు ఖాళీ చేయకుండానే చీలికల్లోని సున్నం కరుగుతుంది. మెంబ్రేన్ తయారుచేసినవాళ్లు ఒప్పుకున్న మోతాదే వాడాలి. కళ్లజోడు, చేతి తొడుగులు, ముఖానికి రక్షణ లేకుండా ఆ పని ఎవరితోనూ చేయించకండి. ఖాళీ చేసిన ట్యాంకులోకి దిగే ముందు గ్యాస్ పరీక్ష చేయండి. గట్టు మీద రెయిలింగు విరిగి ఉంటే ఇవాళే బాగు చేయించండి. గాలి కలిసి సుడులు తిరిగే ఆ నీళ్లలో ఈతగాడికి కూడా తేలడం కష్టం. నీళ్లలో పడ్డవాళ్లు పట్టుకుని తేలే చక్రం, లైఫ్ బాయ్, గోడకు వేలాడుతూ ఉండాలి, స్టోర్ రూములో కాదు.

గేజ్ తర్వాత మీ కళ్లు. నీటి పైభాగం మీద చక్కెర చల్లినట్టు సన్నటి బుడగలు సమంగా లేస్తుంటే అంతా బాగున్నట్టు. ఒకచోట కుతకుత ఉడుకుతున్నట్టు నీళ్లు ఎగసిపడుతుంటే కింద మెంబ్రేన్ చిరిగింది, లేదా జాయింటు ఊడింది. ఆ ఒక్కచోట నుంచే చుట్టుపక్కల డిఫ్యూజర్ల గాలి అంతా పారిపోతోంది. ఒక మూల ఏ కదలికా లేకుండా ఉంటే అక్కడ బురద పేరుకుంటోంది. గట్టు మీద రోజూ ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. నెల తిరిగేసరికి తేడా ఫొటోలే చెబుతాయి.

కొనేటప్పుడు ఏం అడగాలని కొందరు ముందే చీటీ పంపారు. ధర అడిగే ముందు ఆల్ఫా ఎంత అనుకుని లెక్క వేశారో రాసివ్వమనండి. ఒకరు 0.65 అనుకుని, ఇంకొకరు 0.45 అనుకుని వేస్తే మొదటివాళ్లది చవకగా కనిపిస్తుంది, అంతే. ఇద్దరికీ ఒకే ఆల్ఫా ఇచ్చి లెక్క వేయించండి. ఒక్కో డిఫ్యూజర్‌కు గంటకు ఎంత గాలి అనుకున్నారో చూడండి. సంఖ్య తగ్గించి ఒక్కోదాని మీద గాలి పెంచితే కొనే రోజు ఖర్చు తగ్గుతుంది, నడిపే ప్రతి రోజూ పెరుగుతుంది. వీలైతే ట్యాంకు నడుస్తున్నప్పుడే పైకొచ్చే గాలిని ఒక మూత కింద పట్టి, అందులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచే పరీక్ష చేయించండి. ఆఫ్‌గ్యాస్ పరీక్ష అంటారు. మన నీళ్లలో, మన ట్యాంకులో, మన డిఫ్యూజర్ ఎంత పని చేస్తోందో దాచకుండా చెప్పేది అదే.

సభలో ఒకరు: సార్, మా దగ్గర కరెంటు మిగల్చాలని రాత్రి నాలుగు గంటలు బ్లోయర్లు ఆపమంటున్నారు. మంచిదేనా?

నైట్రేటు తీసేయడం కోసం కొలత ప్రకారం గాలి ఆపి, వదిలే పద్ధతి ఉంది. దానికి మిక్సర్లు ఉంటాయి, మెంబ్రేన్లు కూడా దానికి తగినవి ఎంచుకుంటారు. మీరు చెప్పేది అది కాదు. మిక్సర్ లేకుండా నాలుగు గంటలు ఆపితే బురద మొత్తం డిఫ్యూజర్ల మీదే దిగి కూర్చుంటుంది. మెంబ్రేన్లు పాతవైతే బురదనీరు లోపలికి కూడా చేరుతుంది. అడుగున ఊపిరాడని బాక్టీరియా కుళ్లడం మొదలవుతుంది. పొద్దున ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఎక్కువ గాలి వదలాలి. మీ పైవాళ్లకు నా మాటగా కాదు, లెక్కగా చూపించండి. వారం రోజులు బ్లోయర్ ఆపకుండా, డీఓ 2 దగ్గర పట్టి, రాత్రి వేగం తగ్గించి నడపండి. మీటరు యూనిట్లు రాయండి. ఇంకో వారం వాళ్లన్నట్టు నడిపి యూనిట్లతో పాటు బయటికి పోయే నీటిలో అమ్మోనియా కూడా రాయండి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి.

ఇంతకీ ఆ రెండు మెంబ్రేన్లు ఎవరి దగ్గర ఉన్నాయి? వెనక వరుసలో, చెప్పమ్మా, ఏం గమనించావు?

సభలో ఒకరు: పాతది సాగట్లేదు సార్. వెలుతురుకు పెడితే చీలికలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. కొత్తదానిలో అసలు కనిపించలేదు.

అదే. కొత్తదాని చీలికలు గాలి లేనప్పుడు మూసుకుని ఉన్నాయి కాబట్టి వెలుతురు రాలేదు. పాతది మూసుకోవడం మరిచిపోయింది. ఇంకొకటి కూడా చూడు, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టు. అంచు దగ్గర పాతది రెండు, మూడు మిల్లీమీటర్లు చిన్నదైంది కదా? ఆ కొత్తది నీ దగ్గరే ఉంచుకో. మీ కేంద్రంలో ఈసారి ట్యాంకు ఖాళీ చేసినప్పుడు, తల దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఊడదీసి దీనితో పోల్చి చూడు. ఏది ముందు గట్టిపడిందో తేదీతో సహా రాసి పెట్టుకో.